ఎవరికి మళ్లీ? ఎవరికి మొదటిసారి?
'రినైజాన్స్' మాటకు తెలుగులో చెప్పుకున్న అర్థాల మీద ఒక విమర్శ

తెలుగు సాహిత్య చరిత్ర పుస్తకాలలో, పి.జి. సిలబస్‌లలో, పోటీ పరీక్షల గైడ్లలో ఒక మాట చాలాకాలంగా ఎదురు ప్రశ్న లేకుండా చలామణి అవుతున్నది. ఇంగ్లీషులో అది రినైజాన్స్. తెలుగులో దానికి పునరుజ్జీవనం, పునర్వికాసం అని రెండు పేర్లు పెట్టుకున్నారు. కందుకూరి వీరేశలింగం (1848–1919) పేరుతో మొదలుపెట్టి గురజాడ (1862–1915) మీదుగా వచ్చే కాలాన్ని పునరుజ్జీవన యుగం అని రాస్తారు. విద్యార్థులు ఆ యుగ లక్షణాలను అయిదు పాయింట్లుగా కంఠస్థం చేస్తారు. కాకతీయ విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరంలో ఉన్న హసన్‌పర్తి మాలవాడ, మాదిగవాడల నుంచి బస్‌పాస్ మీద వచ్చి ఎం.ఎ. చదివే పిల్లలు కూడా అవే అయిదు పాయింట్లు రాస్తున్నారు. ఆ మాటలో తమ తాతముత్తాతలు ఉన్నారో లేదో వాళ్లను ఎవరూ అడగరు.

మేము ఇక్కడ అడుగుతున్నది చిన్న ప్రశ్న. 'పునః' అంటే మళ్లీ. ఉజ్జీవనం అంటే లేచి బతకడం. మళ్లీ బతకాలంటే ముందొకసారి బతికి, మధ్యలో చచ్చిపోయి ఉండాలి. ఆ ముందటి బతుకు ఎవరిది? ఏ కాలంలో బతికింది? అది తిరిగొస్తే ఎవరికి మేలు, ఎవరికి కీడు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ఒక శతాబ్దపు చరిత్రకు ఆ పేరు పెట్టడం అమాయకంగా జరిగిన అనువాదం అని మేము అనుకోవడం లేదు.

మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఇటలీలో వసారి అనే చిత్రకారుడు 1550లో తన దేశపు కళాకారుల జీవితాలు రాస్తూ, కళ మళ్లీ పుట్టిందనే అర్థంలో 'రినాషిత' అన్నాడు. దాన్ని ఒక యుగానికి పేరుగా స్థిరపరచింది 19వ శతాబ్దపు చరిత్రకారులు. ఫ్రాన్సులో మిషలే 1855లో, స్విట్జర్లాండులో బుర్క్‌హార్ట్ 1860లో ఆ పని చేశారు. అక్కడ మళ్లీ పుట్టిందని చెప్పింది గ్రీకు, రోమన్ విద్యను. వాళ్ల చేతిలో పాత గ్రంథాలున్నాయి, తవ్వితే దొరికే శిల్పాలున్నాయి. పోయిందనుకున్నది దొరికింది గనుక 'రి' అనే ఉపసర్గ వాళ్లకు కుదిరింది. అయితే అక్కడ కూడా రైతుకూలీలకు, ఆడవాళ్లకు ఆ పేరు వర్తిస్తుందా అని తర్వాతి చరిత్రకారులు నిలదీశారు. మన పాఠ్యపుస్తకాలలోకి ఆ పేరు వచ్చింది గాని ఆ నిలదీత రాలేదు.

ఆ మాట బెంగాల్ మీదుగా దేశమంతా పాకింది. రాడికల్ హ్యూమనిస్టులు దానికి ఇంకో అర్థం ఇచ్చారు. ఎం.ఎన్. రాయ్ 1946లో డెహ్రాడూన్‌లో స్థాపించిన సంస్థ పేరే ఇండియన్ రినైజాన్స్ ఇన్‌స్టిట్యూట్. ఆయన దృష్టిలో అది హేతువు, స్వేచ్ఛ, వ్యక్తి గౌరవం. ఆ అర్థంతో మాకు పేచీ లేదు. కానీ ఆ మాట తెలుగు సాహిత్య చరిత్రలోకి దిగేసరికి హేతువు కన్నా 'పూర్వ వైభవం' ముందుకొచ్చింది. వేదకాలం బంగారు కాలమని, మధ్యలో చీకటి కమ్మిందని, ఇంగ్లీషు చదువు తగిలి మళ్లీ మెలకువ వచ్చిందని ఒక కథ తయారైంది. ఈ కథలో మనం ఎక్కడ? బంగారు కాలంలో ఊరి వెలుపల. చీకటి కాలంలో ఊరి వెలుపల. మెలకువ వచ్చిన కాలంలో కూడా ఊరి వెలుపలే.

ఇంకో సంగతి గమనించాలి. రినైజాన్స్‌కు మాటకు మాట తెలుగు చేస్తే పునరుజ్జీవనం రాదు, పునర్జన్మ వస్తుంది. మన పండితులకు ఆ మాట తెలియక కాదు. పునర్జన్మ అనగానే దాని వెంట కర్మ వస్తుంది. కిందటి జన్మలో చేసిన పాపానికి ఈ జన్మలో మాలగా, మాదిగగా పుట్టారనే సిద్ధాంతం వస్తుంది. ఆధునికత గురించి చెప్పే చోట ఆ వాసన రావడం ఇబ్బంది గనుక 'ఉజ్జీవనం' అనే శుభ్రమైన మాట బాగా పనికొచ్చింది. మాట మారింది గాని దాని అడుగున ఉన్న భావన అట్లాగే ఉండిపోయింది. వెనక ఏదో గొప్ప జన్మ ఉందని, దాన్ని అందుకోవాలని. వెనకటి జన్మ పేరు చెప్పి నెత్తిన తట్ట పెట్టబడిన వాళ్లకు 'వెనకటిది మళ్లీ' అనే మాట ఎట్లా వినబడుతుందో ఆలోచించాల్సిన బాధ్యత ఆ మాట వాడేవాళ్ల మీద ఉన్నది.

పునర్వివాహం, మారుమనువు

ఈ యుగానికి గుర్తుగా అందరూ చూపించే సంఘటన 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు పునర్వివాహం. అది సాహసం కాదని మేము అనం. ఆయన సొంత కులం వాళ్లు, మఠాధిపతులు ఆయన మీద పడ్డారు. ఆ ఎదిరింపును లెక్కచేయకుండా ఆయన నిలబడ్డాడు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టాడు, అదే ఏడు వివేకవర్ధని నడపడం మొదలుపెట్టాడు. ఆ పనుల విలువను తగ్గించి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

కానీ ఆ పునర్వివాహం ఎవరి సమస్యకు జవాబు? బాల్యంలోనే పెళ్లి చేసి, మొగుడు చస్తే తల గొరిగించి, మూల కూర్చోబెట్టిన కుటుంబాల సమస్యకు. మన వాడలలో మొగుడు చచ్చిన ఆడమనిషికి మళ్లీ పెండ్లి చేసే ఆచారం ముందు నుంచే ఉన్నది. దానికి మన భాషలో సొంత పేరున్నది: మారుమనువు. కులపెద్దలు కూర్చుని, రెండు వైపులా మాట తీసుకుని, కల్లు పోయించి ముగించే పని అది. దానికి సంస్కర్త అక్కర్లేదు, శాస్త్రం నుంచి శ్లోకం చూపించనక్కర్లేదు. శాస్త్రాలను తిరగేసి వితంతువు పెళ్లికి పూర్వం అనుమతి ఉండేదని నిరూపిస్తే గాని అగ్రకులాలలో కదలిక రాలేదు. అందుకే వాళ్లకు 'పునః' అవసరమైంది. మన వాళ్లు 'మారు' అన్నారు. మారు అంటే ఇంకొకటి. పోయినదాన్ని తెచ్చుకోవడం అందులో లేదు, బతుకును ముందుకు నెట్టడం ఉన్నది.

ఇట్లా అన్నంత మాత్రాన మన వాడ ఆడవాళ్లకు స్వర్గం అని చెప్పినట్టు కాదు. మారుమనువు ఉన్న వాడలోనే తాగి కొట్టే మొగుళ్లు ఉన్నారు. తెలంగాణలో దళిత ఆడపిల్లలను జోగినిలుగా విడిచిపెట్టే దురాచారాన్ని నిషేధించడానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. మా వాదన వేరు. ఒక కులం తన ఇంట్లో తానే వేసిన తాళాన్ని తానే తీసుకుంటే, దానికి ఆంధ్రదేశమంతా మేల్కొన్నదని పేరు పెట్టడం సబబు కాదు. పైగా దాని ఫలితం ఒకటి మన మీద పడ్డది. పునర్వివాహాన్ని గొప్ప సంస్కరణగా చదువుకుని నౌకరీలు చేస్తున్న మన ఇండ్లలో మారుమనువు మాట ఎత్తితే నామోషీ అయింది. మనది మనకు మొరటుగా, వాళ్లది మనకు నాగరికంగా కనబడేట్టు చేయడం కూడా ఈ మాట చేసిన పనే.

ఆది అన్నవాళ్లు, కొత్త అన్నవాళ్లు

తెలంగాణకు పునరుజ్జీవనం ఆలస్యంగా వచ్చిందని ఇంకో మాట ఉన్నది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పుట్టడంతో ఆ లెక్క మొదలుపెడతారు. గ్రంథాలయాలు మంచివే. అయితే అదే దశాబ్దంలో, 1906లో, హైదరాబాదులో మాదరి భాగయ్య అనే మాల యువకుడు జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథల ద్వారా, భజనల ద్వారా అక్షరం రాని జనం దగ్గరికి వెళ్లాడు. 1910 నుంచి అంటరాని పిల్లలకు బడులు తెరిపించాడు. 1911లో అది మన్య సంఘం అయింది. ఆయనే భాగ్యరెడ్డి వర్మ (1888–1939). భాషానిలయాల గురించి పేజీలు రాసే పుస్తకాలలో ఈ బడుల గురించి ఒక వాక్యం దొరికితే గొప్ప. దొరికినా 'హరిజనోద్ధరణ' అనే శీర్షిక కింద దొరుకుతుంది. మండలిని, బడులను నడిపినవాడు ఉద్ధరించబడినవాడిగా మారిపోతాడు.

1917లో విజయవాడలో పంచమ సభ పేరుతో జరిగిన మహాసభకు ఆయన అధ్యక్షుడు. పంచమ అనే మాటకు శాస్త్రంలోనే చోటు లేదని, మనం ఈ నేలకు మొదటివాళ్లమని ఆయన వాదించాడు. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభగా మారింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పాత అవమానకరమైన పేర్ల స్థానంలో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను ఒప్పుకున్నది. నిజాం రాజ్యంలో 1931 జనగణన నాటికి ఆది హిందువులు అనే పేరు లెక్కలకెక్కింది. ఇక్కడ మాటల ఎంపికను గమనించండి. అవతల అగ్రకులాల మేధావులు 'పునః' అంటున్న కాలంలోనే మన వాళ్లు 'ఆది' అన్నారు.

ఆది అన్నది కూడా వెనక్కి చూడడమే కదా, దానికీ పునః అనేదానికీ తేడా ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. పునః అనేది వర్ణధర్మం నిలబడి ఉన్న ఒక గతాన్ని చూపించి దాన్ని శుభ్రం చేసుకుందాం అంటుంది. ఆది అనేది వర్ణధర్మం రాకముందటి కాలాన్ని చూపించి ఈ నేల మీద హక్కు అడుగుతుంది. మొదటిది వారసత్వం గురించిన మాట, రెండవది ఫిర్యాదు. అయితే ఆది అనే మాటకు కూడా పరిమితి ఉన్నది. భాగ్యరెడ్డి పేరు చివరి 'వర్మ' ఆర్యసమాజం వాళ్లు ఇచ్చిన బిరుదు. వేదాలకు మరలమన్న సమాజంతో కలిసి పనిచేస్తూనే, ఆయన బుద్ధ జయంతులు కూడా జరిపించాడు. ఆ రెండు లాగుళ్ల మధ్య ఆది అనే మాట నలిగింది. ఇవాళ ఆది ఆంధ్ర అనేది షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఒక వరుస సంఖ్యగా మిగిలింది. ఆ మాట కోరిన నేల మాత్రం రాలేదు.

ఇంకో దారి కూడా ఉన్నది. 1878 కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో మాదిగలు వేలమంది చేరారు. ఆ ఏడు జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత కొద్దికాలానికే ఆ మిషన్ హనుమకొండకూ వచ్చింది. యోహాను సువార్త మూడో అధ్యాయంలో మళ్లీ పుట్టడం గురించిన మాట ఒకటున్నది. ఇంగ్లీషులో దాన్ని తిరిగి పుట్టడం అనే అర్థంలో చెప్పుకుంటారు. తెలుగు బైబిలు అక్కడ 'క్రొత్తగా' అనే మాటను ఎంచుకున్నది. పునర్జన్మ అనలేదు. ఎందుకు అనలేదో ఊహించడం కష్టం కాదు. కర్మసిద్ధాంతం నుంచి బయటపడడానికి వచ్చిన జనానికి పునర్జన్మ అని చెబితే వచ్చిన దారినే వెనక్కి పంపినట్టవుతుంది.

డాక్టర్ అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నప్పుడు చేయించిన 22 ప్రతిజ్ఞలలో ఒకటి కూడా ఇట్లాంటిదే. ఈ రోజు నాకు కొత్త జన్మ అని నమ్ముతున్నట్టు చెప్పే ప్రతిజ్ఞ అది. 1957లో వెలువడిన తన బుద్ధుడు-ధమ్మం గ్రంథంలో ఆయన కిందటి జన్మ కర్మ ఈ జన్మను నిర్ణయిస్తుందనే సిద్ధాంతాన్ని తిరస్కరించాడు. ఆయన వెనక్కి వెళ్లి బుద్ధుణ్ణి తెచ్చాడు కదా, అది పునరుజ్జీవనమే కదా అనేవాళ్లున్నారు. తెచ్చినదాన్ని ఆయన యథాతథంగా నిలబెట్టలేదు. మన అవసరానికి పరీక్షించి, పనికిరానిది తీసేసి, నవయానం అన్నాడు. పేరులో నవ అని ఉన్నది.

ఈ వరుసలో అమెరికా నల్లవాళ్ల సంగతి చెప్పుకోవాలి. 1920లలో న్యూయార్క్‌లోని హార్లెంలో వచ్చిన సాహిత్య, సంగీత ఉప్పెనను ఇవాళ ప్రపంచమంతా హార్లెం రినైజాన్స్ అంటున్నది. ఆ రోజులలో దానికి ఎక్కువగా వాడుకలో ఉన్న పేరు 'కొత్త నీగ్రో' ఉద్యమం. 1925లో అలెన్ లాక్ తెచ్చిన సంకలనం పేరు కూడా అదే. బానిసత్వం నుంచి వచ్చిన వాళ్లకు కొత్త అనే మాట సహజంగా నోటికొచ్చింది. ఆ 'కొత్త' వెనక్కిపోయి రినైజాన్స్ స్థిరపడింది. మన దళిత కవిత్వానికి కూడా ఇదే జరగబోతున్నదని మా అనుమానం. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన కవిత్వాన్ని, 1995 నాటి 'చిక్కనవుతున్న పాట', 1996 నాటి 'పదునెక్కిన పాట' సంకలనాలను దళిత పునరుజ్జీవనం అనడం సభలలో అలవాటవుతున్నది. మెచ్చుకుంటూనే అంటున్నారు. అయినా ఆ పేరును మనం తీసుకోవద్దు. శవాల మధ్య నుంచి వచ్చిన కోపానికి పూర్వ వైభవం ఎక్కడిది?

చెరువు బాగయింది, నీరటి సంగతి?

ఇది సాహిత్యం వాళ్ల తగాదా మాత్రమే అనుకోవద్దు. 'పునః' మాట ఇవాళ ప్రభుత్వ పథకాల మీద కూర్చున్నది. వరంగల్ నగరం చేరిన అమృత్ పథకం పేరులో కూడా పునరుజ్జీవనం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట ఉన్నది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు దాన్ని చెరువుల పునరుద్ధరణ అన్నారు. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా బాగు చేయాలనేది లక్ష్యం. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను మళ్లీ నిలబెడుతున్నామని చెప్పారు. చెరువు నిండితే ఊరు బతుకుతుంది, దాన్ని ఎవరూ కాదనరు. హసన్‌పర్తి లాంటి చోట్ల చెరువు కింది పొలం ఏమిటో మాకు వేరే వాళ్లు చెప్పక్కర్లేదు.

కానీ చెరువు అంటే కట్ట, తూము, అలుగు మాత్రమే కాదు, మనుషులు కూడా. తూము ఎత్తి దించి, ఏ మడికి ఎంత నీళ్లో పంచి, వాన రాత్రులు కట్ట మీద కావలి పడుకుని, గండి పడితే మొదట దూకినవాడు నీరటి. తెలంగాణ ఊళ్లలో చాలాచోట్ల ఆ పని మాల ఇండ్ల మీద ఉండేది. బేగారి, సేత్‌సింధి పనులతో పాటు అది కూడా వెట్టిలో భాగం. చెరువు నీళ్లు అందరికీ పంచినవాడికి దాని కింద సొంత మడి ఉన్నదా అంటే, ఉంటే గింటే చిన్న మాన్యం ముక్క. కాకతీయుల కాలపు వ్యవస్థ మళ్లీ రావాలి అన్నప్పుడు ఆ వెట్టి కూడా మళ్లీ రావాలా? రావద్దు అంటారు, సంతోషం. మరి చెరువు బాగయితే దాని ఫలం ఎవరికి? తీసిన పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో తమ పొలాలకు తోలుకున్నారు. పొలం ఉన్నవాడికి మట్టి, లేనివాడికి తట్ట. 2014లో ప్రకటించిన మూడెకరాల భూపంపిణీ కొద్దిమంది దగ్గరే ఆగిపోయింది. గతాన్ని తిరిగి తెస్తామన్న పథకం వేల చెరువులకు పాకింది. గతంలో ఎన్నడూ లేనిది ఇస్తామన్న పథకం చతికిలబడ్డది.

'పునః' అనే మాట మీద మాకు గుడ్డి పగ లేదనడానికి ఇదే చోట ఒక ఉదాహరణ ఉన్నది. భూమి పునఃపంపిణీ అనే మాట కూడా ఆ ఉపసర్గతోనే మొదలవుతుంది. అందులో మళ్లీ పంచాల్సింది ఇప్పటిదాకా తప్పుగా పంచబడినది. కనుక ఏ మాటనైనా ఒకే కొలతతో చూద్దాం. ఏది తిరిగి వస్తున్నది, ఎవరి చేతిలోకి వస్తున్నది?

వాడలో తెలిసిన రెన్యువల్

హసన్‌పర్తి వాడలలో రినైజాన్స్ మాట ఎవరికీ తెలియదు. దాని చుట్టపు మాట రెన్యువల్ మాత్రం ఇంటింటికీ తెలుసు. బస్‌పాస్ రెన్యువల్, స్కాలర్‌షిప్ రెన్యువల్. ఈ-పాస్ దరఖాస్తులో రెండే రకాలు: ఫ్రెష్, రెన్యువల్. మొదటి ఏడు పిల్లగాడు ఫ్రెష్. రెండో ఏటి నుంచి రెన్యువల్. షెడ్యూల్డ్ కులాల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉన్నది. ఈ వ్యాసం రాస్తున్న మా వంటి మొదటి తరం చదువుకున్నవాళ్లందరి వెనకా అది ఉన్నది.

ఈ రెన్యువల్‌లో పూర్వ వైభవం ఏమీ లేదు. కిందటేడు నువ్వు పేదవాడివని, ఈ కులం వాడివని, హాజరు ఉన్నదని, పాసయ్యావని నిరూపించావు. ఈ ఏడు మళ్లీ నిరూపించు అని దాని అర్థం. హక్కుకు ఏడాది గడువు పెట్టి, గడువు తీరగానే మనల్ని మళ్లీ వరుసలో నిలబెట్టే మాట అది. రెన్యువల్ ఆలస్యమైతే ఫీజు కట్టలేదని సర్టిఫికెట్లు ఆపుతారు. సర్టిఫికెట్ ఆగితే ఉద్యోగం ఆగుతుంది. పైవాళ్లకు 'పునః' అంటే పోయిన కీర్తి తిరిగి రావడం, మనకు 'మళ్లీ' అంటే మళ్లీ క్యూ. ఒకే ఉపసర్గ రెండు కులాల బతుకులలో రెండు రకాలుగా పనిచేస్తున్నది. సాహిత్య చరిత్ర రాసేవాళ్లు మొదటి అర్థాన్నే నిఘంటువుకెక్కించారు.

వాడ భాషలో ఇంకా మాటలున్నాయి. ఆపద తప్పితే 'పాణం లేచొచ్చింది' అంటాం. జబ్బు నుంచి బయటపడితే 'తేరుకున్నడు' అంటాం. తగ్గిన జ్వరం మళ్లీ వస్తే 'తిరగబెట్టింది' అంటాం. తిరిగొచ్చేదంతా మంచిది కాదని తెలిసిన భాష ఇది. గతం తిరిగొస్తున్నదని ఎవరైనా చాటింపు వేస్తే, అది పాణం లేచిరావడమా, జ్వరం తిరగబెట్టడమా అని అడిగే తెలివి ఆ రెండు మాటలలోనే ఉన్నది.

మా ప్రతిపాదనలు మూడు. ఒకటి, 1848–1919 కాలాన్ని సాహిత్య చరిత్రలో అగ్రకుల సంస్కరణ కాలం అని పిలుద్దాం. అది తిట్టు కాదు, జరిగినదానికి సరిపడే పేరు. రెండు, 1906 జగన్మిత్ర మండలి నుంచి ఆది ఆంధ్ర, ఆది హిందూ ఉద్యమాల దాకా అదే యూనిట్‌లో, సొంత పేరుతో, సమాన పేజీలతో బోధించాలి. 'ఉద్ధరణ' శీర్షిక కింద కాదు. మూడు, దళిత సాహిత్యం మీద పరిశోధన చేసే మన పిల్లలు తమ సిద్ధాంత గ్రంథాలలో పునరుజ్జీవనం అని రాసే ముందు వాళ్ల అవ్వను, తాతను ఒక్కసారి అడగాలి: మనకు మళ్లీ రావాల్సినది ఏమన్నా ఉన్నదా అని. వాళ్లు చెప్పే జవాబును అట్లాగే, వాళ్ల మాటలలోనే, రాయాలి.

మూడో ప్రతిపాదనకు గైడ్లు ఒప్పుకోకపోవచ్చు. పరిశోధక విద్యార్థి ఏ మాట రాయాలో, ఏది కొట్టేయాలో నిర్ణయించే అధికారం ఇంకా మన చేతికి రాలేదు. అందుకే ఈ చర్చ తరగతి గదిలో, హాస్టల్ గదిలో, సంఘం మీటింగులో జరగాలని కోరుతున్నాం. మా పేర్లతో, మా వాదనతో విభేదించేవాళ్లు కూడా రాయాలి.